గౌరీశ్వరి గొంతు

పురుషోత్తం గొంతు టిఫిను తింటూ ఉండగా ఆగిపోయింది.

"హైమా, ఈ ఉప్మాలో..." అన్నాడు. అంతే. మెడలో నల్లదారానికి వేలాడుతున్న రేగుపండంత పూస మీద ఆకుపచ్చ దీపం పసుపులోకి మారింది. చెల్లెలు హైమవతి చెంచా పక్కన పెట్టి ఎదురుచూసింది. పూస తనను తాను సర్దుకుని మళ్ళీ మొదలయ్యేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. దీపం మళ్ళీ పచ్చబడింది.

"...ఉప్పు మరిచిపోయావే" అని పూర్తయింది వాక్యం.

"ఇవాళ ఆ సభకి నువ్వు రాకపోవడమే మంచిదైంది అన్నయ్యా. కమిటీ ముందు ఇలా ఆగిపోతే నా కొంప మునిగేది" అంది హైమ, ఉప్పుడబ్బా అతని ముందుకి జరుపుతూ.

పురుషోత్తం నవ్వాడు. నవ్వుకి మాత్రం పూస అక్కర్లేదు. భుజాలు కదిలితే చాలు.

గొంతు క్యాన్సరుకి ఆపరేషను చేసి స్వరపేటిక తీసేసిన వాళ్ళకోసం వచ్చింది ఈ గొంతుపూస. మెడ చర్మం కింద పల్చటి రేకు ఒకటి ఉంటుంది. మనిషి మాట్లాడదామని నాలుకా పెదవీ కదపగానే నరాల్లో పుట్టే సంచలనాన్ని ఆ రేకు పట్టుకుంటుంది. బయట వేలాడే పూస దాన్ని మాటగా పలుకుతుంది. అదీ ఎవరో యంత్రం గొంతుతో కాదు, ఆ మనిషి పాత గొంతుతోనే. రేకునీ పూసనీ నడిపించేది మాత్రం లోపలున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. గొడవంతా దాని గురించే.

పురుషోత్తానికి మొదట పెట్టింది స్వరదుర్గ కంపెనీ వాళ్ళ పూస. అందులో ఉండేది 'దుర్గం' అనే సిస్టమ్. ఒక్కసారి కూడా ఆగేది కాదు. కానీ నెలనెలా చందా కట్టాలి. ఒక నెల కట్టడం ఆలస్యమైంది. ఆ సంగతి మరిచిపోయి పురుషోత్తం, భార్యని పోగొట్టుకున్న స్నేహితుణ్ణి పరామర్శించడానికి వెళ్ళాడు. పక్కన హైమ కూడా ఉంది. అతను స్నేహితుడి చేయి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. పూస అతని గొంతుతోనే, ఎంతో మర్యాదగా, "మీ చందా గడువు ముగిసింది. దయచేసి వెంటనే చెల్లించండి" అంది. గదిలో అందరూ తలలు వంచుకున్నారు. ఇంటికొచ్చేదాకా పురుషోత్తం మళ్ళీ పెదవి కదపలేదు.

ఆ రోజు రేగిన కోపంతోనే హైమ 'ఉమ్మడి' మొదలుపెట్టింది. విశాఖపట్నంలో తను అధిపతిగా ఉన్న ప్రయోగశాలలోనే, సహోద్యోగి త్రినాథ్‌తో కలిసి. డబ్బు పుచ్చుకోకుండా ఎక్కడెక్కడి వాళ్ళో దానికి తలో చేయీ వేశారు. చందా లేదు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. నడిమధ్యలో ఆగిపోవడం ఒక్కటే దాని జబ్బు.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషను అయిన ప్రతి రోగికీ ఉచితంగా పూస ఇస్తామని ప్రకటన వచ్చింది. అందులో దుర్గం పెట్టాలా, ఉమ్మడి పెట్టాలా? తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ రెండు పక్షాలనీ పిలిచి, అందరి ముందూ వాదించుకోమంది.

* * *

సభ జరిగే హాలు కిటకిటలాడుతోంది. వైద్య విద్యార్థులు, డాక్టర్లు, విలేకరులు, మెడకి గుడ్డ చుట్టుకున్న రోగులు. వేదిక మీద కమిటీ అధ్యక్షురాలు డాక్టర్ లలితాంబ. ఒక పక్క హైమ, త్రినాథ్. మరో పక్క స్వరదుర్గ కంపెనీ తరఫున చక్రధర్. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు.

"ఉచితం అనేది వినడానికి బాగుంటుందండీ" అన్నాడు చక్రధర్. "కానీ రేపు రోగి గొంతు ఆగిపోతే ఎవరి తలుపు తట్టాలి? పదిమంది కలిసి కట్టిన ఇంటికి జవాబుదారీ ఎవరు? మేడమ్ గారి ఉమ్మడి రోజుకి ఎన్నిసార్లు ఆగుతుందో ఆవిడనే అడగండి."

"ఆగుతుంది. దాచను" అంది హైమ. "మా అన్నయ్యది పొద్దున్నే ఆగింది. కానీ ఎందుకు ఆగిందో మేం తెరిచి చూడగలం, మీరూ చూడగలరు. దుర్గం ఆగదు, నిజమే. లోపల ఏం చేస్తోందో మాత్రం మోసుకు తిరిగే మనిషికే తెలీదు. గొంతు రోగిది, తాళంచెవి కంపెనీది. ఇదెక్కడి న్యాయం?"

కొంతమంది చప్పట్లు కొట్టారు. చక్రధర్ తొణకలేదు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడని మాట్లాడమని చేయి చూపించాడు.

ఆవిడ లేచి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. ముదురు నీలం నేతచీర, నెత్తిన సగం నెరిసిన ముడి. మెడలో స్వరదుర్గ వాళ్ళ తెల్లని పూస.

"అందరికీ నమస్కారం. నా పేరు గౌరీశ్వరి" అంది.

హాలంతా ఒక్కసారి కదిలింది. చాలామంది మొహాల్లో నవ్వు విరిసింది. ఆ గొంతు తెలియని వాళ్ళు ఊళ్ళో లేరు. ఏళ్ళ తరబడి బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు అది. వానలో, రద్దీలో, పరీక్షల హడావుడిలో, పిల్లలు తప్పిపోయినప్పుడు, అందరూ చెవులొగ్గి విన్న గొంతు. పాత రికార్డులు బోలెడు ఉండటంతో పూసలో అది అచ్చు గుద్దినట్టు కుదిరింది.

"గొంతు తీసేశాక రెండేళ్ళు కాగితాల మీద రాసి చూపిస్తూ బతికాను" అంది గౌరీశ్వరి. "ఈ పూస వచ్చాక మా ఆయన మీద మళ్ళీ కేకలేస్తున్నాను." పక్కన కూర్చున్న భర్త అప్పలస్వామి సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు. జనం హాయిగా నవ్వారు. "ఏ సిస్టమ్ మంచిదో నాకు తెలీదు. పెద్దలు మీరు తేల్చండి. నా గొంతు నాకు తిరిగొచ్చింది. అదే చెబుదామని వచ్చాను."

ఆవిడ కూర్చునేసరికి చప్పట్లు మోగిపోయాయి. హైమ కూడా కొట్టింది, కొట్టక తప్పలేదు. లోపల మాత్రం గెలుపు చేజారుతున్నట్టు అనిపించింది.

ఇక మిగిలింది ప్రదర్శన. దుర్గం తాళం ఎంత బలహీనమో త్రినాథ్ నెల కిందటే కనిపెట్టాడు. మరమ్మతు చేసేవాళ్ళ సౌకర్యం కోసం కంపెనీ తన పూసలన్నిటికీ లోపల ఒకే తాళంచెవి పెట్టింది. అది దొరికితే దగ్గర్లో ఉన్న ఏ పూస చేతైనా ఏ మాటైనా పలికించవచ్చు. అది చూపించడానికి ఒక దుర్గం పూసని బల్ల మీద పెట్టారు. పలకాల్సిన మాటల్ని హైమే రాసింది. మూడుసార్లు పలికేలా సిద్ధం చేసింది, వెనక వరసల్లో వాళ్ళకి కూడా వినపడాలని.

ఉదయమే త్రినాథ్ హెచ్చరించాడు. "ముందు వరసలో కంపెనీ వాళ్ళు ఒక పేషెంటుని కూర్చోబెడతారట. లాప్‌టాప్ తెర మీద బల్ల మీది పూస కాక రెండో నంబరు కనిపిస్తే అది ఆవిడది. పొరపాటున కూడా ముట్టుకోకు."

"నాకు తెలీదా?" అంది హైమ అప్పుడు.

ఇప్పుడు ఆమె లాప్‌టాప్ ముందు నిలబడి మొదటి నంబరు నొక్కింది. బల్ల మీద పూస ఉలకలేదు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ. ఎవరో దగ్గారు. వెనక వరసల్లోంచి కిసుక్కుమన్న నవ్వు వినబడింది. త్రినాథ్ వంగి తీగలు సరిచూశాడు.

"పర్లేదు మేడమ్" అన్నాడు చక్రధర్, మైకులో. "మా తాళం గట్టిదేనని మీరే అందరికీ చూపించారు. మా తరఫున థాంక్స్."

హాలు గొల్లుమంది.

హైమ చెవులు వేడెక్కాయి. తెర మీద మొదటి నంబరు మసకబారి ఉంది. దాని కింద రెండోది వెలుగుతోంది. ఆమె దాన్ని చూసింది. అది ఎవరిదో తెలుసు. ఆ క్షణంలో ఆమెకి అన్నయ్య గుర్తురాలేదు, రోగులెవరూ గుర్తురాలేదు. చక్రధర్ మొహం మీద ఆ నవ్వు ఆగిపోవాలి, అంతే. నొక్కింది.

ముందు వరసలో గౌరీశ్వరి సీసా ఎత్తి మంచినీళ్ళు తాగుతోంది.

"ఈ గొంతు నాది కాదు. ఎవరు ఏం చెప్పమంటే అది చెబుతాను" అంది ఆవిడ గొంతు. గంభీరంగా, స్పష్టంగా, బస్టాండంతా వినిపించినట్టే.

ఆవిడ ఉలిక్కిపడింది. నీళ్ళు చీర మీద ఒలికాయి. అందరూ అటు తిరిగారు. అదేదో ముందే అనుకుని చేస్తున్నదని జనం అనుకున్నారు. కొందరు నవ్వారు.

"ఈ గొంతు నాది కాదు. ఎవరు ఏం చెప్పమంటే అది చెబుతాను."

ఈసారి ఆవిడ రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. మాట మాత్రం మెడ దగ్గర్నుంచి నిక్షేపంగా వస్తూనే ఉంది. అప్పలస్వామి లేచి ఏం చెయ్యాలో తోచక ఆవిడ భుజం పట్టుకున్నాడు. వెనకనుంచి చప్పట్లు మొదలయ్యాయి. అర్థమైన వాళ్ళు కొట్టారు, అర్థం కాని వాళ్ళు వాళ్ళని చూసి కొట్టారు. చక్రధర్ మొహం పాలిపోయింది. ఆపే మీట హైమ వేలి కిందే ఉంది.

"ఈ గొంతు నాది కాదు..."

గౌరీశ్వరి దారం పట్టుకుని లాగింది. తెగలేదు. ఇంకా గట్టిగా లాగింది. తెగింది. పూస గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి, వేదిక మెట్టుకి తగిలి, మిగిలిన మాటల్ని అక్కడ ఒంటరిగా పలికి ఊరుకుంది.

* * *

"సంకేతం పొరపాటున పక్కకి వెళ్ళింది. అందుకు మనస్ఫూర్తిగా విచారిస్తున్నాను. అయితే ఆ పొరపాటు జరగడానికి వీలుండటమే దుర్గం ఎంత ప్రమాదకరమో చెబుతోంది" అంది హైమ విలేకరులతో. మాటలు నోటికి ఎంత సులువుగా వచ్చాయో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

త్రినాథ్ బీచ్ రోడ్డు మీదుగా కారు నడిపాడు. ప్రయోగశాల ముందు కారు ఆపాక, స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా అన్నాడు.

"బల్ల మీది పూసకి చార్జింగు అయిపోయింది. అంతే. పొద్దుట్నుంచీ పరీక్షలు చేస్తూ మనమే అయిపోగొట్టాం. ఇంకోటి నా సంచిలో ఉంది. నిమిషం ఆగి ఉంటే తీసి ఇచ్చేవాణ్ణి."

హైమ కారు తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"నువ్వు నొక్కడం నేను చూశాను హైమా."

"త్రినాథ్..."

"ఎవరికీ చెప్పను. ఉమ్మడి వచ్చితీరాలి. అందుకోసం చెప్పను. నీకోసం కాదు."

వారం తిరక్కుండా కమిటీ ఉమ్మడి వైపు మొగ్గిందని కబురు వచ్చింది. ఉత్తర్వు చేతికి రావడమే తరువాయి. ప్రయోగశాలలో అందరికీ మైసూర్‌పాకు పంచారు. హైమ తన ముక్కని కాగితంలో చుట్టి బల్ల సొరుగులో పెట్టి మరిచిపోయింది.

సభలో ఎవరో తీసిన వీడియో మాత్రం ఊరంతా పాకింది. టీకొట్ల దగ్గర కుర్రాళ్ళు గౌరీశ్వరి గొంతుని అనుకరిస్తూ "ఎవరు ఏం చెప్పమంటే అది చెబుతాను" అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవాళ్ళు. ఎన్నికల్లో పార్టీ మారిన ఒక నాయకుడి బొమ్మకి ఆ మాటలు అతికించారు. ఒకరోజు ఆటోలో వెళ్తుంటే డ్రైవరు ఫోను మోగింది. మోగింది పాట కాదు. "ఈ గొంతు నాది కాదు" అంది ఫోను. హైమ మధ్యలోనే ఆటో దిగిపోయి, మిగిలిన దూరం ఎండలో నడిచింది. తను రాసిన వాక్యం అది. పదాలు పొందిగ్గా రావాలని రెండుమూడుసార్లు దిద్దుకుంది కూడా.

ఇంట్లో పురుషోత్తం ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాడు. ఒకనాటి సాయంత్రం హైమ బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏవే, నిజం చెప్పు. సంకేతం దానంతటదే వెళ్ళిందా?"

అన్నయ్యకి అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ ఆమెకి చేతకాదు. చేతిలో ఉన్న తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది. ఆ మౌనం అతనికి సరిపోయింది.

"ఆ రోజు పరామర్శకి వెళ్ళినప్పుడు వాళ్ళు నా నోట్లో మాట పెట్టారు. డబ్బు కోసం పెట్టారు. నువ్వు దేనికోసం..."

దీపం పసుపులోకి మారింది. పూస ఆగిపోయింది. హైమ తలెత్తలేదు. అది మళ్ళీ మొదలయ్యేదాకా ఆగే ఓపిక పురుషోత్తానికి లేకపోయింది. మెడలోంచి పూస తీసి మడిచిన బట్టల మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు కూడా పెట్టుకోలేదు. కూర కావాలంటే వేలు చూపించాడు.

* * *

గౌరీశ్వరి ఇల్లు కంచరపాలెంలో, మూడంతస్తుల పాత మేడలో పై వాటా. హైమ ఒక పెట్టెలో ఉమ్మడి పూస పెట్టుకుని వెళ్ళింది. ఆవిడకి కొత్త పూస ఇచ్చేసి, క్షమించమని అడిగి వచ్చేస్తే గుండెల మీద బరువు కొంత దిగుతుందనుకుంది. నిజం చెప్పాలని అనుకోలేదు.

తలుపు తీసింది అప్పలస్వామి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. హైమని గుర్తుపట్టి కంగారుగా కుర్చీ తుడిచాడు.

"రండమ్మా, కూకోండి. ఇంతదూరం మీరే వచ్చీసారా?"

గౌరీశ్వరి కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. హైమని ఒకసారి చూసి మళ్ళీ చిక్కుళ్ళ వైపు తిరిగింది. మెడ బోసిగా ఉంది. దారం తెగలాగిన చోట ఎర్రటి గీత ఇంకా పోలేదు.

"మాట్నాడ్డం మానీసిందమ్మా" అన్నాడు అప్పలస్వామి, గాజుగ్లాసులో టీ తెచ్చి హైమ చేతికిస్తూ. "కంపెనీవోలు తాళం మార్చి బాగుసేసి పంపినారు. పెట్టుకోనంటాది. రాసి సూపించమన్నా రాయదు. సంతకెల్తే జనం నవ్వుతారని బయటికి రాదు. ఈదిలో కుర్రోల్లు నన్ను పట్టుకుని, మావా, ఇంట్లో నీతో మాటాడేది అత్తేనా, ఇంకెవులన్నానా అనడుగుతారు. ఏటి సెప్పను?"

"నావల్ల పొరపాటు జరిగింది..." హైమ మొదలుపెట్టింది.

"అయ్యో, అది మాకు తెల్దా? పొరపాటు ఎవులికైనా జరుగుతాది. నాను దీనికీ అదే సెప్పినాను. అంత సదూకున్న మనిషి, ఆడకూతురు, కావాలని ఇలగ సేత్తాదేటే అని."

టీ గ్లాసు వేళ్ళకి కాలుతోంది. హైమ దాన్ని కింద పెట్టలేదు. ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో అనుమానమన్నది మచ్చుకైనా లేదు. కాస్త అనుమానం ఉండి ఉంటే అబద్ధాన్ని పట్టుకుని నిలబడగలిగేదేమో.

"కావాలనే చేశానండీ" అంది.

చిక్కుడుకాయ చిటుక్కుమన్న చప్పుడు ఆగింది.

"బల్ల మీద పూస పలకలేదు. అందరూ నవ్వారు. ఆవిడ నంబరు తెర మీద కనిపించింది. ఆవిడదేనని తెలిసే నొక్కాను."

అప్పలస్వామి వంగి, హైమ చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. సింకులో టీ ఒలకబోసిన శబ్దం వినిపించింది. గౌరీశ్వరి లేచి వెళ్ళి వాకిలి తలుపు బార్లా తెరిచి, దాని పక్కన నిలబడింది. హైమ తను తెచ్చిన పెట్టె తీసుకుని బయటికి నడిచింది.

* * *

కమిటీకి కూడా చెప్పేస్తానంటే త్రినాథ్ మండిపడ్డాడు.

"చెప్పి ఏం సాధిస్తావు? ఉత్తర్వు ఆగిపోతుంది. వరండాలోకి వెళ్ళి చూడు. పూస ఎప్పుడిస్తారని సైగలు చేస్తూ ఎంతమంది కూర్చున్నారో. నీ మనసు తేలికపడాలని వాళ్ళు నోరు మూసుకుని ఉండాలా?"

"తేలికపడదు త్రినాథ్. నేను చూశాను. చెబితే తేలికపడదు."

"మరెందుకు?"

"వాళ్ళ నోట్లో రేపు నా సిస్టమ్ పెట్టబోతున్నాం. దాన్ని చేసిన మనిషి ఎలాంటిదో వాళ్ళకి తెలియాలి. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చని ఊరంతా చెప్పాం కదా."

త్రినాథ్ చేతిలో ఉన్న కాగితాలు బల్ల మీద విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

హైమ వెళ్ళి డాక్టర్ లలితాంబకి చెప్పింది. కమిటీ అందరి ముందూ మళ్ళీ చెప్పమంటే చెప్పింది. అనుకున్నంతా అయింది. ఉత్తర్వు ఆగిపోయింది. దుర్గం తాళం బలహీనమని ఎలాగూ తేలింది. ఉమ్మడిని కూడా బయటివాళ్ళు పూర్తిగా పరీక్షించేదాకా ఎవరికీ పెట్టకూడదన్నారు. పరీక్షలకి ఏడాది పైనే పడుతుందన్నారు. హైమని ప్రయోగశాల అధిపతి పదవి నుంచి తప్పించి త్రినాథ్‌ని పెట్టారు. ఆమె వద్దనలేదు. అతనూ సంతోషించలేదు.

మర్నాడు వరండాలో కూర్చున్న వాళ్ళకి ఆ కబురు చెప్పింది హైమే. మెడకి గుడ్డ చుట్టుకున్న ఒక రైతు ఆమె మాటలన్నీ విని, పెదవులు కదిపి ఏదో అన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. అతని భార్య, "ఏం లేదమ్మా, తిట్టడం లేదు. ఇంకెన్నాళ్ళు ఆగాలి అంటున్నారు" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది హైమకి. ఆ తర్వాత చాలాకాలం ఆమె వెనక గేటునుంచే లోపలికి వచ్చేది.

ఆ ఏడాదంతా ఆమె ఒక మూల బల్ల దగ్గర కూర్చుని చెప్పిన పని చేసింది. ఆ పని మధ్యలోనే ఒక సంగతి తట్టింది. తాళాన్ని ఎంత గట్టిగా చేసినా, దాన్ని తెరిచే మనిషి ఎవడో ఒకడు పుడతాడు. తనలాంటి మనిషి. అసలు తాళంతో పని లేకుండా చేస్తే? ఆమె పూసని రెండు చిప్పలుగా కోసింది. మధ్యలో సన్నటి ఎడం ఉంచింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కితేనే చిప్పలు కలిసి పూసకి కరెంటు అందుతుంది. వదిలేస్తే పూస వట్టి రాయి. ఏ సిస్టమూ, ఎంత దూరాన్నుంచి ఎవరూ ఆ వేళ్ళని కదిలించలేరు.

"ఇంత మోటు పనా?" అన్నాడు త్రినాథ్ దాన్ని అటూఇటూ తిప్పి చూస్తూ. నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. సభ జరిగినప్పట్నుంచీ అతను ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చోవడం అదే మొదలు. "దుర్గానికైనా పనికొస్తుంది కదా ఇది."

"దేనికైనా" అంది హైమ.

పురుషోత్తం మొదటిది పెట్టుకున్నాడు. అన్నం తింటూ మాట్లాడాలంటే ఎడంచేత్తో పూస పట్టుకోవాల్సి వచ్చేది. "ఒక చేత్తో తిండి, ఒక చేత్తో కబుర్లు. ఇంక పేపరు ఎలా చదవనే?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు విని హైమ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

పరీక్షలు ముగిశాక కమిటీ ఉమ్మడిని ఒప్పుకుంది, రెండు చిప్పల పూసతో. అప్పుడు అప్పలస్వామి నుంచి ఫోను వచ్చింది. త్రినాథ్ మాట్లాడి, హైమ దగ్గరికి వచ్చాడు.

"గౌరీశ్వరిగారు పెట్టుకుంటారట. నేను వస్తానన్నాను. కాదు, ఆవిడే రావాలి అని రాసి చూపించారట."

* * *

అప్పలస్వామి తలుపు తీశాడు. ఈసారి కుర్చీ తుడవలేదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

గౌరీశ్వరి మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. హైమ ఆవిడ ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మెడలోని రేకుతో కొత్త పూసని కలిపింది. ఎర్రటి గీత సన్నటి మచ్చగా మారి మిగిలింది. దారం ముడి వేసింది. ఎలా పట్టుకోవాలో చూపించబోయింది. గౌరీశ్వరి ఆమె చేతిని పక్కకి తప్పించి, పూసని తనే రెండు వేళ్ళ మధ్యకి తీసుకుంది. నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"మొదటిసారి కోపంలో నొక్కారు. అది నాకు అర్థమైంది" అంది.

అదే గొంతు. ఏడాది పైగా మూగపోయి కూడా ఎక్కడా బొంగురు పోలేదు. అప్పలస్వామి తలుపు చట్రం పట్టుకున్నాడు.

"రెండోసారి నేను నోరు మూసుకోవడం మీరు చూశారు. నేను మీ వైపే చూస్తున్నాను. మూడోసారి ఎందుకు ఆపలేదు?"

కమిటీ ఆ ప్రశ్న అడగలేదు. త్రినాథ్ అడగలేదు. అన్నయ్య అడగబోయాడు కానీ పూర్తిచేయలేదు. ఇంతకాలం హైమ తనని తాను కూడా అడగలేదు. జవాబు మాత్రం లోపల ఎప్పట్నుంచో ఉంది.

"చప్పట్లు మొదలయ్యాయండీ" అంది, నేల వైపు చూస్తూ. "ఆపబుద్ధి కాలేదు."

గౌరీశ్వరి వేళ్ళు పూసని వదిలేశాయి. ఆవిడ హైమ నడినెత్తి వైపు చాలాసేపు చూసింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందో, వద్దనుకుంటోందో తెలియలేదు. చివరికి మళ్ళీ పూస పట్టుకుంది.

"నిజమే చెప్పారు. ఇంక మీరు వెళ్ళండి."

హైమ లేచి, రెండు చేతులూ జోడించి, సంచి తీసుకుని గడప దాటింది. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన తెరిచి ఉన్న తలుపులోంచి ఆ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి బస్టాండులో పలికినట్టు గంభీరంగా లేదు. చిన్నగా, తడబడుతూ భర్తని పిలుస్తోంది.

"ఏమండీ, ఇలా వచ్చి..."

ఆ తర్వాతి మాట ఏమిటో వినాలని హైమ ప్రాణం కొట్టుకుంది. ఒక్క క్షణం కాలు ఆగింది కూడా. అంతలోనే, అది తను వినాల్సిన మాట కాదని తల వంచుకుని, చెప్పుల చప్పుడు గట్టిగా వినపడేలా గబగబా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.